పాత కంప్యూటర్‌ను వదిలించుకునే ముందు: డిస్క్ ఎలా తుడవాలి, ఎవరికి ఇవ్వాలి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరమో ఆ తర్వాతదో కావాలి. అందుకే బాగా పనిచేస్తున్న కంప్యూటర్లు కూడా చాలా ఇళ్లలో మూలకు చేరుతున్నాయి. కొత్తది కొన్నాక పాతదాన్ని ఏం చేయాలో తోచక అటక ఎక్కించేస్తాం. అమ్మడానికి మనసొప్పదు, ఎవరికైనా ఇవ్వాలంటే టెన్షన్. అందులో ఇంటిల్లిపాది ఆధార్, పాన్ కాపీలు ఉంటాయి. పట్టాదారు పాస్‌బుక్ స్కాన్లు, ఫారం 16లు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, అమెరికా చదువుకి పంపిన కాగితాలు, బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, పెళ్లి ఫోటోలు అన్నీ అందులోనే.

భయపడటంలో తప్పు లేదు. కానీ దానికి అటక మందు కాదు. డిస్క్‌లోని సమాచారం అటక మీద కూడా చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది, ల్యాప్‌టాప్ బ్యాటరీ మాత్రం ఏళ్ల తరబడి పడి ఉంటే ఉబ్బిపోవచ్చు. సరిగ్గా తుడిచి ఎవరికైనా ఇస్తే అదే కంప్యూటర్ ఒక విద్యార్థికి ఇంకో నాలుగేళ్లు పనికొస్తుంది.

ఎలా తుడవాలన్నది రెండు విషయాలను బట్టి తేల్చుకోవాలి: లోపల ఉన్నది ఏ రకం డిస్క్, కంప్యూటర్ ఎవరి చేతికి వెళ్తోంది. ఈ రెండూ తెలియకుండా "ఏ సాఫ్ట్‌వేర్ మంచిది" అని వెతికితే అవసరం లేని చోట నాలుగు రోజులు వృథా అవుతాయి, అవసరమైన చోట పని సగంలో మిగిలిపోతుంది.

ముందు లోపల ఏముందో చూడండి

టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో చూస్తే డిస్క్ 0, డిస్క్ 1 అని కనిపిస్తాయి. ఒక్కోదాని కింద హెచ్‌డీడీ అనో ఎస్‌ఎస్‌డీ అనో ఉంటుంది. హెచ్‌డీడీ అంటే లోపల పళ్లేలు తిరిగే పాతకాలం హార్డ్ డిస్క్. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏమీ ఉండదు, అన్నీ చిప్‌లే. ఈ రెండింటినీ తుడిచే పద్ధతులు పూర్తిగా వేరు.

మన దగ్గర తరచూ దెబ్బ తగిలేది రెండు చోట్ల. మొదటిది డీ డ్రైవ్. కంప్యూటర్ అసెంబుల్ చేసిన దుకాణదారే డిస్క్‌ను సీ, డీ, ఈ అని విడగొట్టి ఇవ్వడం మనకు అలవాటు. విండోస్ సీలో ఉంటుంది, ఫోటోలూ కాగితాలూ డీలో. విండోస్ రీసెట్ చేసేటప్పుడు అన్ని డ్రైవ్‌లలోని ఫైళ్లూ తీసేయమని ప్రత్యేకంగా చెప్పకపోతే సీ మాత్రమే ఖాళీ అవుతుంది. కొత్త విండోస్ స్క్రీన్ మెరిసిపోతూ కనిపిస్తుంది, డీలో మీ కుటుంబం మొత్తం అలాగే కూర్చుని ఉంటుంది. రెండోది, ల్యాప్‌టాప్‌లో రెండు డిస్కులు ఉండటం. విండోస్ వేగంగా తెరుచుకోవడానికి 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఫైళ్లు దాచుకోవడానికి 1 టీబీ హార్డ్ డిస్క్ కలిపి ఇచ్చిన మోడళ్లు కొన్నేళ్లు బాగా అమ్ముడయ్యాయి. ఒకటి తుడిచి రెండోది మరిచిపోతే పని జరగనట్టే. మెమరీ కార్డ్ స్లాట్‌నూ డీవీడీ డ్రైవ్‌నూ ఒకసారి తెరిచి చూడండి.

తుడిచే ముందు కావలసినవి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. కాపీ అయిందని వదిలేయకుండా, ఇంకో కంప్యూటర్‌కి పెట్టి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. ట్యాలీ వాడేవాళ్లు డేటా బ్యాకప్‌తో పాటు లైసెన్స్ సరెండర్ చేయాలి, లేకపోతే కొత్త కంప్యూటర్‌లో అదే లైసెన్స్ దగ్గర తంటా వస్తుంది. గూగుల్, మైక్రోసాఫ్ట్ ఖాతాల్లోని పరికరాల జాబితాలోంచి ఈ కంప్యూటర్‌ను తొలగించండి.

చాలామంది చేసేవి, చాలనివి

ఫైల్ డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేయడం, క్విక్ ఫార్మాట్ కొట్టడం, పాతదాని మీదే కొత్త విండోస్ వేయడం. హార్డ్ డిస్క్ విషయంలో ఈ మూడూ ఒకే కోవలోకి వస్తాయి. రికార్డులో పేరు కొట్టేసినంత మాత్రాన పొలంలో పంట మాయం కానట్టే, ఫైల్ ఎక్కడుందో చెప్పే వివరం పోతుంది గానీ ఫైల్ డిస్క్ మీద ఉండిపోతుంది. రెకువా, ఫోటోరెక్ వంటి ఉచిత ప్రోగ్రాములు ఎవరైనా దించుకుని నడిపితే చాలు, అలాంటి ఫైళ్లు చాలావరకు తిరిగి బయటికొస్తాయి. విండోస్‌కు బదులు వాడే ఉచిత వ్యవస్థ లైనక్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "డిస్క్ మొత్తం చెరిపేయి" అని వచ్చే ఎంపిక కూడా ఇంతే. పాత ఫైళ్లలో కొన్నింటి మీద కొత్తవి పడతాయి, మిగతావి అలాగే ఉంటాయి.

ఇదేదో ఊహించి చెబుతున్నది కాదు. అమెరికాలోని ఎమ్ఐటీ పరిశోధకులు సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ వాడేసిన 158 హార్డ్ డిస్కులు కొని పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించారు. పనిచేసిన 129 డిస్కుల్లో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. మిగతావాటిలో 5,000కు పైగా క్రెడిట్ కార్డ్ నంబర్లు దొరికాయి. వాటిలో చాలా డిస్కులు ఫార్మాట్ చేసి అమ్మినవే.

డిస్క్ నిండేదాకా సినిమాలు కాపీ చేసి మళ్లీ డిలీట్ చేస్తే చాలని ఇంకొందరు అంటారు. హార్డ్ డిస్క్‌లో ఇది కొంతవరకు పనిచేస్తుంది. ఎస్‌ఎస్‌డీలో మాత్రం నమ్మడానికి లేదు. ఎస్‌ఎస్‌డీ తన చిప్‌లన్నీ సమానంగా అరగాలని, రాసే ప్రతిసారీ చోటు మారుస్తుంది. మనకు కనిపించని కొంత చోటు అదనంగా దాచుకుంటుంది కూడా. మీరు పైనుంచి ఎన్నిసార్లు రాసినా ఆ దాచుకున్న చోట పాత ముక్కలు మిగలవచ్చు.

అయస్కాంతం, నిప్పు గురించి కూడా చెప్పాలి. ఇంట్లో దొరికే అయస్కాంతం హార్డ్ డిస్క్‌ను ఏమీ చేయలేదు, ఎస్‌ఎస్‌డీలో అయస్కాంతానికి అసలు పనే లేదు. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా ప్రాణాలు కోల్పోయిన కొలంబియా అంతరిక్ష నౌక ప్రమాదంలో ఆకాశంలోంచి మండుతూ పడిన శకలాల్లో ఒక హార్డ్ డిస్క్ దొరికింది. అందులోని ప్రయోగ వివరాలు దాదాపు అన్నీ నిపుణులు తిరిగి తీయగలిగారు. పెరట్లో చెత్తతో పాటు తగలబెట్టి పని అయిపోయిందనుకోకండి. పైగా ఆ పొగ మీ ఇంటివాళ్లే పీల్చాలి.

పనిచేసే పద్ధతుల్లో ఏది ఎవరికి

విండోస్ రీసెట్. ఇంట్లో వాడిన కంప్యూటర్‌ను తెలిసినవాళ్లకు ఇస్తుంటే చాలామందికి ఇది సరిపోతుంది. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, ఆ తర్వాత రీసెట్ పీసీ. విండోస్ 10లో రికవరీ అనేది అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ కింద ఉంటుంది. అక్కడ "రిమూవ్ ఎవ్రీథింగ్" ఎంచుకోండి. వెంటనే ముందుకెళ్లిపోకుండా "చేంజ్ సెట్టింగ్స్" నొక్కి "క్లీన్ డేటా" ఆన్ చేయాలి, అన్ని డ్రైవ్‌లలోని ఫైళ్లూ తీసేయాలన్నది కూడా ఆన్ చేయాలి. ఈ రెండు బటన్లు ముట్టుకోకపోతే జరిగేది పైపై శుభ్రమే. క్లీన్ డేటాకు గంటలు పడుతుంది, చార్జర్ పెట్టి రాత్రంతా వదిలేయండి. ఇది ఇళ్లలో వాడేవాళ్ల కోసమేనని, ప్రభుత్వ, పరిశ్రమ ప్రమాణాలకు సరిపోదని మైక్రోసాఫ్టే చెబుతోంది. ఆఫీసు కంప్యూటర్లకు దీన్ని నమ్ముకోకండి.

హార్డ్ డిస్క్ మొత్తం మీద సున్నాలు రాయడం. అమ్మేదైనా, ఎవరి చేతికి వెళ్తుందో తెలియనిదైనా హెచ్‌డీడీకి నేను సూచించేది ఇదే. డిస్క్‌ను ఇంకో విండోస్ కంప్యూటర్‌కి తగిలించి, విండోస్‌లోనే ఉండే డిస్క్‌పార్ట్ అనే కమాండ్ ప్రోగ్రాములో "క్లీన్ ఆల్" ఆదేశం ఇస్తే ప్రతి సెక్టార్ మీదా సున్నా పడుతుంది. ఒట్టి "క్లీన్" అంటే విభజనల వివరం మాత్రమే పోతుంది, ఆ "ఆల్" తప్పనిసరి. ఆదేశం ఇచ్చే ముందు డిస్కుల జాబితాలో సైజు చూసి, తుడవాల్సిన డిస్క్‌నే ఎంచుకున్నారో లేదో సరిచూసుకోండి. ఇక్కడ పొరబడితే మంచి డిస్క్ పోతుంది, తిరిగి రాదు. డిస్క్ ఊడదీయడం ఇష్టం లేకపోతే ష్రెడ్‌ఓఎస్ అనే ఉచిత వ్యవస్థను పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతో కంప్యూటర్ బూట్ చేసి తుడవచ్చు. పాత వ్యాసాల్లో డీబ్యాన్ అనే తుడిచే ప్రోగ్రాము పేరు ఎక్కువగా కనిపిస్తుంది. దాని ఆఖరి విడుదల 2015లో వచ్చింది, ఎస్‌ఎస్‌డీలకు అది పనికిరాదు. ఇప్పుడు దాని జోలికి వెళ్లాల్సిన పని లేదు.

ఎన్నిసార్లు రాయాలి? ఒక్కసారి చాలు. 35 సార్లు రాయాలన్న మాట 1996లో పీటర్ గట్‌మన్ రాసిన పరిశోధన పత్రం నుంచి వచ్చింది. ఆనాటి రకరకాల డిస్కులన్నింటినీ దృష్టిలో పెట్టుకుని చెప్పిన లెక్క అది, ఇప్పటి డిస్కులకు అక్కర్లేదని ఆయనే తర్వాత స్పష్టం చేశారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014 నాటి మార్గదర్శకాలు కూడా మామూలు అవసరాలకు ఒక్కసారి రాస్తే సరిపోతుందనే అన్నాయి. సెకనుకు 100 ఎమ్‌బీ వేగంతో 1 టీబీ డిస్క్ ఒకసారి నింపడానికి మూడు గంటల లోపు పడుతుంది. అదే 35 సార్లంటే నాలుగు రోజులు. మధ్యలో కరెంట్ పోతే మళ్లీ మొదటికి. అంత కష్టపడి అదనంగా దక్కేదేమీ లేదు.

ఎస్‌ఎస్‌డీకి సెక్యూర్ ఎరేజ్. పైనుంచి రాయకుండా, "నీలో ఉన్నదంతా నువ్వే చెరిపేసుకో" అని డిస్క్‌కే ఆదేశం ఇవ్వడం ఇది. చాలా డిస్కుల్లో సెకన్లలోనో నిమిషాల్లోనో అయిపోతుంది, దాచుకున్న చోటు కూడా ఖాళీ అవుతుంది. శాంసంగ్ డిస్క్ అయితే మెజీషియన్, క్రూషియల్ అయితే స్టోరేజ్ ఎగ్జిక్యూటివ్, ఇలా ఆయా కంపెనీల ఉచిత ప్రోగ్రాముల్లో ఈ సదుపాయం ఉంటుంది. ఆఫీసుల కోసం తయారైన డెల్, హెచ్‌పీ, లెనోవో ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి బయోస్‌లోనే, అంటే విండోస్ తెరుచుకోకముందే వచ్చే సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ ఉన్న కంప్యూటర్‌ను బయటివాళ్లకు అమ్ముతుంటే నా ఓటు దీనికే.

ముందే ఎన్‌క్రిప్షన్. నిజానికి అన్నింటికన్నా సుఖమైనది ఇది, కాకపోతే కంప్యూటర్ కొన్న రోజే మొదలుపెట్టాలి. విండోస్‌లో ఉండే బిట్‌లాకర్ లాంటిది ఆన్‌లో ఉంటే డిస్క్‌లో ఉన్నదంతా తాళం చెవి లేనిదే చదవలేని రూపంలో ఉంటుంది. చివర్లో రీసెట్ చేస్తే ఆ తాళం చెవి పోతుంది, మిగిలింది ఎవరికీ పనికిరాదు. ఇన్నాళ్లూ వాడలేదు కదా అంటే, ఇప్పుడైనా ఆన్ చేసి, పూర్తయ్యాక రీసెట్ చేయడం ఒట్టి రీసెట్ కన్నా మేలు. అలా చేసేటప్పుడు వాడిన చోటు మాత్రమే కాకుండా డ్రైవ్ మొత్తాన్నీ ఎన్‌క్రిప్ట్ చేయమని ఎంచుకోవాలి, లేకపోతే ఎప్పుడో డిలీట్ చేసిన ఫైళ్లు బయటే ఉండిపోతాయి. ఎస్‌ఎస్‌డీలో ఇలా ఆలస్యంగా చేసినా దాచుకున్న చోట పాత ముక్కలు కొన్ని ఉండిపోయే అవకాశం ఉంది కాబట్టి సెక్యూర్ ఎరేజ్ కుదిరితే దాన్నే ఎంచుకోండి. విండోస్ హోమ్‌లో బిట్‌లాకర్ పూర్తి రూపం ఉండదు, కొన్ని మోడళ్లలో "డివైస్ ఎన్‌క్రిప్షన్" అని ఉంటుంది. అదీ లేకపోతే వెరాక్రిప్ట్ ఉచితం.

యాపిల్ మ్యాక్‌లలో టీ2 అనే భద్రతా చిప్ ఉన్నవి, ఆ తర్వాత యాపిల్ సొంత చిప్‌తో వచ్చినవి అయితే ఈ పని ఇంకా తేలిక. డిస్క్ ఎప్పుడూ ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది. మ్యాక్‌ఓఎస్ మాంటెరీ లేదా ఆ తర్వాతది ఉంటే "ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్" ఒక్కటి చాలు. అది పూర్తయ్యాక, పోయిన మ్యాక్‌ను వెతికిపెట్టే ఫైండ్ మై ఆఫ్ అయిందో లేదో మాత్రం చూసుకోండి. అది ఉండిపోతే కొన్నవాళ్లు ఆ మ్యాక్‌ను వాడలేరు, ఫోన్లన్నీ మీకే వస్తాయి.

పగలగొట్టడం. పనిచేసే డిస్క్‌ను పగలగొట్టమని నేను చెప్పను. డిస్క్ లేని కంప్యూటర్ ఇస్తే తీసుకున్న విద్యార్థి మళ్లీ డబ్బు పెట్టి కొనుక్కోవాలి. కానీ డిస్క్ చెడిపోయినా, టకటక శబ్దం చేస్తున్నా, కంప్యూటర్ దాన్ని గుర్తించకపోయినా ఇక తుడవడం కుదరదు, అప్పుడు ఇదే దారి. చెడిన డిస్క్‌లో సమాచారం కూడా చెడిపోయిందనుకోకూడదు. హార్డ్ డిస్క్ అయితే పళ్లేల గుండా నాలుగైదు చోట్ల డ్రిల్ చేయించండి. ల్యాప్‌టాప్ డిస్కుల్లో కొన్నింటి పళ్లేలు గాజువి, ముక్కలై ఎగురుతాయి. కళ్లకు రక్షణ అద్దాలు, చేతి తొడుగులు లేకుండా చేయకండి. ఎస్‌ఎస్‌డీకి ఎక్కడో ఒక చిల్లు పెడితే చాలదు, ప్రతి నల్ల చిప్ పగలాలి.

ఏ పద్ధతిలో తుడిచినా చివర్లో ఒకసారి పరీక్షించండి. డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కి తగిలించి ఫోటోరెక్ నడపండి. రీసెట్ చేసిన డిస్క్‌లో విండోస్ సొంత బొమ్మలు కనిపిస్తాయి, అవి పర్లేదు. మీ ఫోటో ఒక్కటి కనిపించినా మళ్లీ తుడవాలి.

ఇక ఎవరికి ఇవ్వాలి

పదేళ్ల లోపుది, పనిచేస్తున్నది అయితే ఎవరికైనా వాడుకోవడానికి ఇవ్వడమే మొదటి మాట. విండోస్ 11 ఎక్కకపోయినా లైనక్స్ మింట్ వేసి ఇస్తే బ్రౌజర్, టైపింగ్, క్లాసులు వినడం అన్నీ నడుస్తాయి, భద్రతా అప్‌డేట్లు వస్తాయి, తెలుగు కూడా చక్కగా కనిపిస్తుంది. బంధువుల పిల్లలకో ఊళ్లో బడికో ఇచ్చేటప్పుడు చార్జర్, మౌస్ కూడా కలిపి ఇవ్వండి. అవి లేక మూలపడ్డ దానాలు చాలా ఉంటాయి.

డబ్బు రావాలనుకుంటే నేరుగా వాడుకునేవాళ్లకు అమ్మితే ఎక్కువ వస్తుంది, కాకపోతే బేరాలతో వారాలు గడుస్తాయి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల మార్కెట్ లాంటి చోట సెకండ్ హ్యాండ్ దుకాణాలకు ఇస్తే తక్కువ వచ్చినా అదే రోజు తేలిపోతుంది. ఆన్‌లైన్ ఎక్స్‌చేంజ్‌లో కొత్తదాని ధర తగ్గుతుంది, ఇంటికే వచ్చి తీసుకెళ్తారు. ఈ రెండు దారుల్లోనూ మీ డిస్క్ ఎన్ని చేతులు మారుతుందో మీకు తెలియదు. "మేమే ఫార్మాట్ చేస్తాం సార్, మీకెందుకు" అంటే వద్దనండి. తుడవడం మీ ఇంట్లో, మీ కళ్ల ముందే జరగాలి. డిస్క్ తుడవడానికి వీలు కాకపోతే ఊడదీసి మీ దగ్గరే ఉంచుకుని, మిగతాది అమ్మండి. రేటు కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి. చవక ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో, కొత్త మ్యాక్‌బుక్‌లలో స్టోరేజ్ బోర్డుకే అతికి ఉంటుంది, ఆ సౌకర్యం ఉండదు.

అసలు పనిచేయని వాటి విషయంలోనే నేను గట్టిగా చెప్పదలచుకున్నది. వీధిలో వచ్చే పాత సామాన్ల అతనికి కిలోల లెక్కన వేసేయకండి. ఆయన బతుకుతెరువు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ అక్కడి నుంచి ఆ బోర్డులు, తీగలు చేరే చోట రాగి కోసం తీగలు కాలుస్తారు, బంగారం కోసం బోర్డులను యాసిడ్‌లో వేస్తారు. పాత డబ్బా మానిటర్ల గాజులో సీసం ఉంటుంది. ఆ పొగ పీల్చేదీ, ఆ యాసిడ్‌లో చేతులు పెట్టేదీ తొడుగులు కూడా లేని కూలీలు. మనకు దక్కే వంద, రెండు వందల రూపాయల వెనక అది ఉంది.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం, అమ్మిన వస్తువుల వ్యర్థాలను రిజిస్టర్ అయిన రీసైక్లర్ల ద్వారా రీసైకిల్ చేయించే బాధ్యత తయారీ కంపెనీలది. అందుకే డెల్, హెచ్‌పీ, లెనోవో వంటి కంపెనీలు ఇండియాలో పాతవి వెనక్కి తీసుకునే ఏర్పాటు పెట్టాయి. మీ కంప్యూటర్ ఏ కంపెనీదో ఆ కంపెనీ కస్టమర్ కేర్‌ను అడగండి. అసెంబుల్డ్ అయితే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర రిజిస్టర్ అయిన రీసైక్లర్లలో దగ్గరలో ఉన్నవాళ్లను చూసుకోవాలి. ఒక్క కంప్యూటర్ కోసం రాకపోవచ్చు. అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్లవాళ్లు పాత ఫోన్లు, కీబోర్డులు, ఇన్వర్టర్ బోర్డులు కలిపి ఒక్కసారే పిలిస్తే పని జరుగుతుంది. అమెరికాలో ఉన్నవాళ్లకైతే బెస్ట్ బై, స్టేపుల్స్ లాంటి దుకాణాలే పాతవి తీసుకుంటాయి. అక్కడైనా డిస్క్ తుడవాల్సింది మీరే.

బ్యాటరీ ఉబ్బిన ల్యాప్‌టాప్‌ను చార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, స్క్రూడ్రైవర్‌తో బ్యాటరీని పొడిచి తీయాలని చూడకండి. లిథియం బ్యాటరీకి చిల్లు పడితే మంటలు రావచ్చు. సర్వీస్ సెంటర్‌లో తీయించి, రీసైక్లర్‌కు అది ఉబ్బిన బ్యాటరీ అని ముందే చెప్పి ఇవ్వండి.

దుకాణం, ఆఫీసు కంప్యూటర్లు

ఇక్కడ లెక్క మారుతుంది, ఎందుకంటే లోపల ఉన్నది మీ సమాచారం ఒక్కటే కాదు. ఆడిటర్ దగ్గర వందల మంది పాన్‌లు, రిటర్న్‌లు ఉంటాయి. డీటీపీ సెంటర్‌లో ఊరందరి భూమి కాగితాలు, దరఖాస్తులు ఉంటాయి. క్లినిక్‌లో రోగుల రిపోర్టులు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సమాచారాన్ని కాపాడటానికి తగిన జాగ్రత్తలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

పెద్ద సంస్థలకే ఎలా జరిగిందో చూడండి. అమెరికా ఆర్థిక సంస్థ మోర్గాన్ స్టాన్లీ తన పాత సర్వర్లు, డిస్కులు వదిలించుకునే పనిని, డేటా తుడవడంలో అనుభవమే లేని ఒక సామాన్ల రవాణా సంస్థకు అప్పగించింది. వాటిలో కొన్ని సమాచారంతో సహా ఆన్‌లైన్ వేలంలో తేలాయి. దాదాపు కోటిన్నర మంది ఖాతాదారుల వివరాలను కాపాడటంలో విఫలమైనందుకు 2022 సెప్టెంబర్‌లో అమెరికా షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీతో కుదిరిన ఒప్పందం ప్రకారం 3.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. కొన్ని పరికరాల్లో ఎన్‌క్రిప్షన్ సదుపాయం ఉండి కూడా ఏళ్ల తరబడి ఆన్ చేయలేదని విచారణలో బయటపడింది.

కాబట్టి చిన్న ఆఫీసైనా సరే, విండోస్ రీసెట్‌తో సరిపెట్టకండి. హెచ్‌డీడీ అయితే సున్నాలు, ఎస్‌ఎస్‌డీ అయితే సెక్యూర్ ఎరేజ్, చెడినదైతే పగలగొట్టడం. ప్రతి డిస్క్ మీదుండే సీరియల్ నంబర్, ఏ తేదీన ఎవరు ఎలా తుడిచారన్నది ఒక పుస్తకంలో రాసుకోండి. రీసైక్లర్ ఇచ్చే ధ్వంస ధ్రువపత్రంలో "కంప్యూటర్లు 6" అని మాత్రమే ఉంటే ఒప్పుకోకండి. అందులోనూ అవే సీరియల్ నంబర్లు ఒక్కొక్కటిగా ఉండేలా రాయించుకున్నాకే సామాను బండెక్కించండి.